లండన్ మొక్క, ఏసీ నీళ్ళు

"ఆంజీ! నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఎవరు కొయ్యమన్నారు వాటిని?"

వెంకటేశ్వరి వంటింటి గడప దాటి వచ్చేసరికే జరగాల్సిందంతా జరిగిపోయింది. గేటు పక్కన, గోడ వారగా, నిన్నటిదాకా గులాబీ రంగు కంకులతో ఊగిన ఫ్లీస్ ఫ్లవర్ మొక్కలు నేలమట్టమై పడున్నాయి. పక్కనున్న లిల్లీల గతీ అంతే. తోటమాలి ఆంజి మాత్రం కత్తెర చేతిలో పట్టుకుని, ఏ పాపం ఎరగనివాడిలా చెమట తుడుచుకుంటున్నాడు.

"దుంప ఉండాది గదా. మళ్ళీ వచ్చాది."

"ఎప్పుడు వచ్చాది?"

"వచ్చినప్పుడు వచ్చాది," అని కత్తెర భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి పన్నెండు రోజులైంది. అబూ హలీఫాలోని ఆ పెద్ద ఇంట్లో మిగిలింది వీళ్ళిద్దరే. వంటింటి వెనక గదిలో ఆమె, గేటు దగ్గర గదిలో అతను. యజమానులు జూన్‌లోనే లండన్ వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ, వీళ్ళు 'మామా' అని పిలిచే యజమానురాలు బీరువా తాళాలు వెంకటేశ్వరికీ, తోట ఆంజికీ అప్పగించింది.

ఆ మొక్కలూ లండన్‌వే. మంచు కురిసినా చావవని మామా మూడేళ్ళ కిందట దుంపలు తెచ్చింది. కువైట్ ఎండ సంగతి మాత్రం వాటికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆంజి చాలా ఆలోచించి, ఎండ తగలని గోడ నీడలో, ఏసీ పైపు నుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు పడేచోట నాటాడు. మొండి మొక్కలు, బతికేశాయి.

మొదటి ఏడు ఆంజి తొలి కంకిని టీ గ్లాసులో పెట్టి వంటింటి కిటికీలో ఉంచి, ఏమీ తెలియనట్టు వెళ్ళిపోయాడు. మామా కోసమనుకుని వెంకటేశ్వరి దాన్ని హాల్లో పెట్టింది. ఆ పూట అతను అన్నానికి రాలేదు. రెండో ఏడు ఆమె గ్లాసును తన గదిలో పెట్టుకుంది. ఆ పూట రెండుసార్లు వడ్డించుకున్నాడు. వాళ్ళ కథ అంతవరకే వచ్చి ఆగింది. ఇద్దరిలో ఒక్కరికీ నోరు పెగల్లేదు.

అందుకే ఆ కోసిన మోళ్ళను చూస్తే వెంకటేశ్వరికి బెంగ పట్టుకుంది. ఆంజి మొక్కల్ని మొదలంటా కోయడం ఆమె ఇంతకుముందు ఒక్కసారే చూసింది, సెలవు మీద ఊరికి పోయే ముందు. "ఆకు లేకుంటే నీళ్ళడగదు, నేను లేకున్నా బతుకుతాది," అన్నాడప్పుడు. అంటే ఇప్పుడూ పోతున్నాడు. ఈసారి చెప్పకుండా!

దానికి తోడు ఏసీ ఆపేశాడు. అడిగితే "మోటారు కాలిపోతాది," అన్నాడు. దీపాలు కూడా వెయ్యొద్దన్నాడు. మనిషికి ఏమైందో ఎంత ఆలోచించినా ఆమెకు అంతుపట్టలేదు. పోయేవాడు పోకుండా, ఉన్నవాడు మాట్లాడకుండా, ఏమిటీ వాలకం?

ఒకటి మాత్రం నిశ్చయించుకుంది. మొక్కల్ని ఎండనివ్వదు. ఆంజి నిద్రలేవకముందే బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి మోళ్ళకు పోసేది. నాలుగు రోజులకు ఎర్రెర్రని చిగుళ్ళు తొంగిచూశాయి.

ఆంజి వాటి ముందు గొంతుక్కూర్చుని తల గోక్కున్నాడు.

"నీళ్ళెవరు పోచ్చాండారు?"

"నాకేం తెల్సు? వాన పడిందేమో!"

"ఆగస్టులోనా? కువైట్‌లోనా?"

"ఈ గోడ కాడ మటుకే పడిందేమో."

నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, చిగుళ్ళ కేసి చూసి, ఏదో అర్థమైనట్టు నిట్టూర్చి లేచాడు. అతనికి అర్థమైందేమిటో ఆమెకు అర్థం కాలేదు.

మర్నాడు సాయంత్రం పక్కింటి డ్రైవర్ మాబు గోడ మీద నుంచి తల ఎత్తాడు. రాయచోటి మనిషి. ఇండియా పోయేవాళ్ళ కోసం జోర్డాన్‌లోని అమ్మాన్ దాకా బస్సు మాట్లాడుతున్నాడు.

"ఏమ్మా, రేపు పొద్దన్నే బస్సు. ఆంజి రెండు సీట్లు పట్టినాడు. ఇప్పుడేమో నువ్వు రావంట, ఒకటి ఎవరికన్నా ఇచ్చేయమన్నాడు. నిజమేనా?"

రెండు ఎందుకు పట్టినట్టు? ఒకటి ఎందుకు వదిలినట్టు? రానని తను ఎప్పుడు చెప్పింది? ఇన్ని ప్రశ్నలకూ కలిపి ఆమెకు కోపం ఒక్కటే వచ్చింది.

"ఇచ్చేయన్నా! నేను రానులే!"

"పొద్దుగూకినాక మగ్రిబ్ నమాజు దాకా చూచ్చా. ఆ తర్వాత ఖలాస్," అని మాబు దిగిపోయాడు.

ఆమె ఏడుస్తూ వంటింట్లోకి వచ్చిందో లేదో, బయట జీపు ఆగింది. కిటికీ చాటు నుంచి చూస్తే గేటు కమ్మీల అవతల ఇద్దరు సిపాయిలు. ఒకడు మోళ్ళనూ, ఎండిన ఆకుల కుప్పనూ, దుమ్ము పట్టిన ఏసీనీ చూసి "మా ఫీ అహద్," అన్నాడు. ఎవరూ లేరని. రెండోవాడు కదల్లేదు. చిగుళ్ళ కింద తడిసిన మట్టినే చూస్తున్నాడు.

వెంకటేశ్వరి చూపూ అక్కడికే పోయింది. తను పోసిన నీళ్ళే ఇక్కడ మనుషులున్నారని చెప్పేస్తున్నాయి! కోతలూ, చీకటీ, ఏసీ ఆపడం, అన్నీ ఇల్లు ఖాళీ అనిపించడానికేనని ఒక్కసారిగా అర్థమైంది.

ఇంతలో జీపు హారన్ మోగింది. సిపాయి వెనుదిరిగాడు. జీపు వెళ్ళిపోయింది.

ఆంజి గదిలోంచి పరుగున వచ్చాడు. ఆమె అతని చొక్కా పట్టుకుంది.

"ఇదా సంగతి? నాకు ముందే చెప్పల్ల గదా!"

"చెప్తే బయపడ్తావని."

"చెప్పకుంటేనే బయపడి సచ్చినా! నన్నిడ్సిపెట్టి పోతాండావనుకున్న్యా!"

ఆంజి నోరు తెరిచాడు.

"నా పాస్‌పోర్టు నువ్వు తాళమేసిన బీరువాలో ఉండగా నేనెట్లా పోతానే?"

వెంకటేశ్వరి నడుముకున్న తాళాల గుత్తిని తడుముకుంది. ఈ ముక్క తనకు ఒక్కసారైనా తట్టలేదు! సిగ్గుతో నవ్వొచ్చింది, నవ్వుతో ఏడుపొచ్చింది.

"మరి నేను రానని ఎవురు చెప్పినారు నీకు?"

"నువ్వే. పోవాలనుకునే మనిషి మొక్కలకు నీళ్ళు పోచ్చాదా? మామా వచ్చేదాకా ఈడనే ఉంటావేమో అనుకున్న్యా."

"మామా కోసం కాదయ్యా!" అని అరిచి, అరిచినందుకు నాలుక కరుచుకుని, మెల్లగా అంది. "నువ్వు నాటినవని పోసినా."

ఆంజి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కత్తెర కోసం వెతుక్కున్నాడు. అది గదిలో ఉంది.

అవతల మసీదులో మగ్రిబ్ అజాన్ మొదలైంది. ఇద్దరూ ఒక్కసారే గోడ దగ్గరికి పరిగెత్తారు.

"మాబన్నా! సీటు ఇచ్చేసినావా?"

"ఇయ్యలేదులేమ్మా. మీ యవ్వారం రెండేళ్ళ నుంచి చూచ్చానే ఉండా."

తెల్లారి బస్సుకు ముందు ఆంజి ఒక దుంప తవ్వాడు. కత్తితో సరిగ్గా రెండు ముక్కలు చేసి, తడి గోనెగుడ్డలో వేరువేరుగా చుట్టి, ఒకటి ఆమె చేతికిచ్చాడు.

"ఇది మీ రాజంపేటలో నాటుకో. ఇంకోటి మా పులివెందులకు. చెట్టు నీడనే పెట్టల్ల, తడి ఆరనియ్యకూడదు."

వెంకటేశ్వరి ఆ రెండు మూటలనూ, అతన్నీ మార్చి మార్చి చూసింది. అంతా చెప్పుకున్న తర్వాత కూడా ఈ మనిషికి అర్థం కాలేదా? తన మూట విప్పి, అందులోని ముక్కను అతని మూటలో పెట్టి గట్టిగా ముడేసింది.

"రెండు గుంతలెందుకయ్యా? ఒకటి చాలదా?"

"రెండూర్లు గదా?" అన్నాడు ఆంజి అయోమయంగా.

"ఒక ఊరు తగ్గించుకో," అంది ఆమె. తాళాలు చేతిలోకి తీసుకుని, పాస్‌పోర్టులు రెండూ తేవడానికి లోపలికి వెళ్ళింది.