దొంగిలించిన గొంతు

ముఖ్య అనువాదకుడు వాక్యం మధ్యలో చచ్చిపోయాడు.

విశ్వమత మైత్రీ మండలి భవనంలో, సభాస్థలికి ఎదురుగా పై అంతస్తులో ఉన్న గాజు గదిలో కూర్చుని రిహార్సల్ చేస్తున్నాడాయన. గొంతు గరగరలాడకుండా ఒక బిళ్ల బుగ్గన పెట్టుకున్నాడు. "మన రెండు ప్రాంతాల మధ్య ఇకపై..." అన్నాడు మైకులో. ఆపై మాట రాలేదు. కింద హాల్లో హెడ్‌ఫోన్లు సరిచూస్తున్న వాళ్లు వైరు ఊడిందనుకున్నారు. ఎవరో పైకి వెళ్లి చూసేసరికి మైకు మీద తల వాల్చి ఉన్నాడు. డాక్టరు గుండెపోటన్నాడు. గొంతుబిళ్లల డబ్బాని పరీక్షించిన ల్యాబ్ సైనైడ్ అంది.

ఆ మధ్యాహ్నమే చిలక ఒక డ్రైక్లీనింగ్ షాపులోకి అడుగుపెట్టింది.

"కోటు మీద సిరా మరక. పోతుందా?"

"ఏ రంగు సిరా?" తలెత్తకుండా అడిగాడు కౌంటర్లో మనిషి.

"ఇంకా ఎండలేదు."

వేలాడుతున్న కోట్ల వెనక తలుపు తెరుచుకుంది.

సీక్రెట్ సర్వీస్‌లో అందరికీ ఆమె చిలకే. ఏ దేశంలో దింపినా వారం తిరక్కుండా అక్కడి భాష పట్టేస్తుంది. ఆడైనా మగైనా ఒకసారి విన్న గొంతుని అచ్చు దించేస్తుంది. ఒకసారి బాస్ గొంతుతో అకౌంట్స్‌కి ఫోన్ చేసి తన సెలవు తనే శాంక్షన్ చేసుకుంది. ఆ సంగతి బాస్ ఇంకా మర్చిపోలేదు.

"కూర్చో," అన్నాడు బాస్. "బ్లాక్ అంబ్రెల్లా. తెలుసుగా?"

"ఆయుధాలమ్మే విదేశీ ముఠా. గొడవలు చల్లారితే వాళ్ల దుకాణం మూతపడుతుంది."

"రేపు చల్లారబోతున్నాయి. సరిహద్దుకి ఇటూ అటూ ఏళ్ల తరబడి గుళ్లూ మసీదులూ చర్చీలూ తగలబడుతున్నాయి. రేపు రెండు వైపుల మతపెద్దలూ మండలి వేదిక మీద ప్రమాణం చేస్తారు. పక్క మతం వాళ్ల ప్రార్థనాస్థలానికి తామే కాపలా ఉంటామని. లైవ్ టెలికాస్ట్. జనమంతా టీవీల ముందే ఉంటారు."

"టార్గెట్ ఎవరు సార్?"

"అదే అంతుపట్టడం లేదు. పెద్దవాళ్లందర్నీ వదిలేసి అనువాదకుణ్ణి ఎందుకు చంపినట్టు? నా మటుకు నాకు సభ వాయిదా వెయ్యడమే మంచిదనిపిస్తోంది. వెళ్లి అధ్యక్షురాలికి చెప్పు. ఆవిడ వినకపోతే ఆ గాజు గదిలో నువ్వు కూర్చో. లోపల మనకో మనిషి ఉంది. నెమలి. మండలి ప్రోటోకాల్ ఆఫీసర్. అంబ్రెల్లా వాళ్లు తను తమ మనిషే అనుకుంటున్నారు. రెండేళ్లుగా వాళ్ల కబుర్లు మనకి చేరవేస్తోంది."

మండలి అధ్యక్షురాలు ఒక నన్. ఎనభై దాటిన మనిషి. చిలక వెళ్లేసరికి కిటికీ దగ్గర నిలబడి తన తెల్ల గౌనుకి గుండీ కుట్టుకుంటోంది.

"సభ ఆపెయ్యమంటున్నారు, సిస్టర్."

"ఎవరు? చంపినవాళ్లా, మీవాళ్లా?"

"మావాళ్లే," అంది చిలక.

"ఇద్దరూ అదే కోరితే నేనెవరి మాట విన్నట్టవుతుంది, అమ్మాయీ?" సూదిలో దారం పళ్లతో తెంపింది ఆవిడ. "పోయినాయన పదకొండేళ్లు నా మాటల్ని అవతలి వాళ్ల చెవిలో వేశాడు. ఒక్కసారి కూడా నా కోపాన్ని తగ్గించి చెప్పలేదు, ప్రేమని పెంచి చెప్పలేదు. రేపు ఆయన కుర్చీ ఖాళీగా ఉండటానికి వీల్లేదు. నువ్వు కూర్చుంటావా, నన్నే ఇంకొకర్ని వెతుక్కోమంటావా?"

"కూర్చుంటాను," అంది చిలక. బాస్ చెప్పమన్న తక్కిన మాటలు గొంతులోనే ఉండిపోయాయి.

డిపార్ట్‌మెంట్ వర్క్‌షాప్ ఆమె మేనమామది. తల్లి పోయాక ఆమెని పెంచింది ఆయనే. ఈ ఉద్యోగంలో చేర్చింది కూడా ఆయనే. ఆ ఒక్క పనికీ తనని తాను రోజూ తిట్టుకుంటాడు.

"తిన్నావా?"

"తిన్నాను మావయ్యా."

"అబద్ధాలు మీ బాస్‌తో ఆడు," అంటూ ఒక కళ్లజోడు, ఒక పెన్ను బల్ల మీద పెట్టాడు. "కళ్లజోడు కాడలో రిసీవర్ ఉంది. భవనంలో ఏ వైర్‌లెస్ మాటైనా నీ చెవికి వినిపిస్తుంది. ఎడమ కాడ తిప్పితే ఛానెల్ మారుతుంది. పెన్ను ట్రాన్స్‌మిటర్. ఆ ఛానెల్‌లోకి నువ్వు మాట్లాడొచ్చు. బటన్ నొక్కి ఉంచినంతసేపూ అందులో ఇంకెవరి మాటా పలకదు. వేలు తీశావో, అయిపోయింది."

"నువ్వెక్కడుంటావు?"

"ఏసీ మెకానిక్‌ని. మెట్ల కింద. ఎవరైనా చెమట పడుతోందంటే నా కొంప మునుగుతుంది, నాకా పని రాదు."

మర్నాడు ఉదయం నెమలి ఎదురొచ్చింది. పేరుకి తగ్గ మనిషి. ఆకుపచ్చ పట్టు గౌను, మెడలో సన్నటి గొలుసు, నడిచివస్తుంటే వరండాలో కాపలావాళ్లు కూడా ఊపిరి బిగబట్టారు. ఆమె పక్కనే మండలికి భారీగా విరాళాలిచ్చే పారిశ్రామికవేత్త ఉన్నాడు. అందరూ దాతగారంటారు. "మన కొత్త గొంతు మీరేనా? శాంతి మీ చేతుల్లో ఉందన్నమాట," అని నవ్వాడు. కంకర మీద బండి నడిచినట్టుంది ఆయన గొంతు.

సౌండ్ చెక్ కోసమని నెమలి ఒక కాగితాల దొంతర చేతికిచ్చింది. చిలక గాజు గదిలో కూర్చుని చదువుతూనే ఉంది. మామూలుగా రెండు వాక్యాలతో అయిపోయే పని. "ఇంకొంచెం. కాస్త కోపంగా చదవండి. ఇప్పుడు మెల్లగా," అంటూ నెమలి పేజీలకి పేజీలు చదివించింది. చదవడం అయ్యాక దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది.

"వేదిక కింద బాంబు. ఇప్పుడే కబురొచ్చింది. మీ బాస్‌కి చెప్పండి."

క్షణాల్లో బాంబ్ స్క్వాడ్ దిగింది. పై అంతస్తులో కాపలా ఉన్నవాళ్లనీ, అక్కడే హెడ్‌ఫోన్లకీ టీవీలకీ మాట పంపే కంట్రోల్ రూమ్ సిబ్బందినీ కిందికి పంపేశారు. ప్రతినిధులందర్నీ లేవమన్నారు. అప్పటికే వేదిక మీదికి వచ్చేసిన పెద్దలు కూర్చున్నచోట కూర్చున్నట్టే ఉండిపోయారు. అవతలి వైపు నుంచి వచ్చిన ముసలి మౌల్వీ తన చేతికర్రని కుర్చీకి ఆనించి, కాళ్లు బారజాపుకున్నాడు.

"దయచేసి బయటికి రండి," బతిమాలాడు స్క్వాడ్ ఆఫీసర్.

"మోకాళ్ల నొప్పి నాయనా. ఒక్కసారి కూర్చుంటే లేవలేను," అన్నాడు మౌల్వీ. పక్కనున్న నన్ వైపు చూసి, "మీరు వెళ్లండి సిస్టర్," అన్నాడు.

ఆవిడకి ఆయన భాష రాదు. చెయ్యి చూపించిన తీరు మాత్రం అర్థమైంది. తన కుర్చీని ఇంకాస్త ఆయన వైపు జరుపుకుంది. గుమ్మం దాకా వెళ్లిన స్వామీజీ అది చూసి వెనక్కి తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు హాలంతా వెనక్కి వచ్చేశారు.

వేదిక కింద పెట్టె దొరికింది. అందులో గడియారం ఉంది, వైర్లున్నాయి. పేలుడు మందు లేదు.

చిలక ఫోన్ మోగింది. "రెండో బాంబు కూడా ఉందంటోంది నెమలి," అన్నాడు బాస్. "నువ్వు బయటికి వచ్చెయ్. ఇది ఆర్డర్."

"మందు లేని బాంబెందుకు పెడతారు సార్? పైనున్నవాళ్లని కిందికి దింపడానికి. కంట్రోల్ రూమ్ ఇప్పుడు ఖాళీ."

"చిలకా, బయటికి రమ్మన్నాను."

"కింద ముసలివాళ్లు కదలకుండా కూర్చున్నారు. నేను లేచిపోతే నా మొహం అద్దంలో నేనే చూసుకోలేను. రాను సార్." ఫోన్ పెట్టేసి, మైకు ముందుకు జరుపుకుంది.

పైనుంచి దింపినవాళ్లు ఇంకా తిరిగి రాకముందే సభ మొదలైంది. నన్ లేచి నిలబడి తన భాషలో మాట్లాడుతోంది. చిలక దాన్ని అవతలి భాషలోకి మారుస్తోంది. హాల్లో సగం మంది, సరిహద్దు అవతల టీవీల ముందున్న వాళ్లంతా వింటున్నది చిలక గొంతే. మాట్లాడుతూనే ఎడమ చేత్తో కళ్లజోడు కాడ తిప్పింది. ఒక ఛానెల్‌లో వాకీటాకీల గరగర. ఇంకోదాంట్లో మెల్లగా, కంకర మీద బండి నడిచినట్టు ఒక గొంతు:

"గొడుగు విప్పు. నేను ముయ్యమనేదాకా ఆపొద్దు."

చిలక కిందికి చూసింది. ముందు వరసలో దాతగారు తల వంచి, కోటు కాలర్‌తో మాట్లాడుతున్నట్టు పెదవులు కదుపుతున్నాడు.

ఆ మరుక్షణం ఆమె ఎదురుగా మైకు మీది ఎర్రలైటు ఆరిపోయింది. అయినా హాల్లో ఎవరూ తలెత్తలేదు. హెడ్‌ఫోన్లలో మాట సాగుతూనే ఉంది. చిలక కాడ తిప్పి హెడ్‌ఫోన్ల ఛానెల్ పట్టింది. అది తన గొంతే. ఉదయం నెమలి చదివించిన పేజీల నుంచి కంప్యూటర్ తయారుచేసిన గొంతు. అదే పలుకు, అదే విరుపు. ఒక్క మాటా తను అన్నది కాదు.

అనువాదకుణ్ణి ఎందుకు చంపారో అప్పుడర్థమైంది. పదకొండేళ్లుగా హాల్లో అందరికీ తెలిసిన గొంతు ఆయనది. ఆయన మాటలో చిన్న తేడా వచ్చినా పట్టేసేవాళ్లు. కొత్త మనిషి గొంతైతే ఎవరికీ అనుమానం రాదు. ఆ గొంతుతో నన్ నోట అనకూడని మాట అనిపిస్తే చాలు, సరిహద్దు రెండు వైపులా రాత్రికి ఊళ్లు భగ్గుమంటాయి.

చిలక వరండాలోకి పరిగెత్తింది. కంట్రోల్ రూమ్ ఉక్కుతలుపు లోపల గడియ పెట్టి ఉంది. చిన్న గాజు కిటికీలోంచి ఆకుపచ్చ పట్టు కనిపించింది. నెమలి చెవిలో ఇయర్‌పీస్, చేతిలో పిస్టల్. కిటికీలోంచి చిలకని చూసి, తాపీగా నవ్వి, గాజుకి వేలితో టకటకా కొట్టింది.

"పాపం రేపు అందరూ నిన్నే వెతుకుతారు," అంది లోపల్నుంచి. "గొంతు నీదేగా."

తలుపు పగలగొట్టే వ్యవధి లేదు. పెన్నుతో హెడ్‌ఫోన్లని మూయించినా, టీవీలకి వైరు మీద వెళ్లే మాట ఆగదు. కళ్లజోడులో దొంగ గొంతు మెల్లమెల్లగా అసలు మాట దగ్గరికి వస్తోంది. "ఇన్నాళ్లూ మేం ఓర్చుకున్నాం..."

చిలక వరండా మలుపు వెనక్కి తప్పుకుని గోడకి ఆనుకుంది. కాడ తిప్పి దాతగారి ఛానెల్‌కి వచ్చింది. పెన్ను బటన్ నొక్కింది. ఒక్కసారి గుటక మింగి, గొంతులో కంకర పోసుకుంది.

"గొడుగు మూసెయ్. మనవాళ్లలో ఒకడు పట్టుబడ్డాడు. అన్నీ ఆపి వెనక మెట్ల దారిన రా. వెంటనే."

లోపల ఏం జరుగుతోందో కనిపించలేదు. కింద హాల్లో దాతగారు కాలర్‌లోకి పళ్ల బిగువున ఏదో అంటున్నాడు, ఆ మాట ఎక్కడికీ పోవడం లేదు. చిలక బొటనవేలు తెల్లబడింది.

"మా దేవుణ్ణి నమ్మనివాళ్లు..." అని హెడ్‌ఫోన్లలో మొదలైన వాక్యం అక్కడే తెగిపోయింది.

గడియ తీసిన చప్పుడైంది. నెమలి బయటికి వచ్చి, పిస్టల్ గౌను మడతల్లో దాచుకుని వెనక మెట్ల వైపు నడిచింది. మెట్ల మలుపులో ఏసీ మెకానిక్ ఒకడు పనిముట్ల సంచీ ఆమె చేతి మీద వదిలేశాడు. "సారీ అమ్మా, చెయ్యి జారింది," అన్నాడు, ఎగిరిపడ్డ పిస్టల్‌ని కాలికింద తొక్కిపెట్టి.

నెమలి తలెత్తి పై మెట్టు మీదున్న చిలకని చూసింది. "ఆ గొంతు..."

"నువ్వు నాది తీసుకున్నావు. నేను మీ దాతగారిది తీసుకున్నాను," అంది చిలక. ఇంకేం చెప్పే తీరిక లేక పక్కమెట్ల మీదుగా హాల్లోకి దూకింది.

హాలు బిగుసుకుపోయి ఉంది. అవతలి వైపు ప్రతినిధులు లేచి నిలబడ్డారు. తెగిపోయిన ఆ సగం మాట అందరి చెవుల్లో ముల్లులా ఉంది. ఏమంటోంది ఈవిడ, మేం ఏమైపోవాలంటోంది అన్నట్టు మౌల్వీ వైపు చూస్తున్నారు. ఎవరో హెడ్‌ఫోన్లు నేలకేసి కొట్టారు. కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి.

నన్‌కి ఏం జరిగిందో తెలీదు. తన మాట ఎవరికీ అందడం లేదని మాత్రం తెలిసింది. చిలక వేదికెక్కి, ఆవిడకీ మౌల్వీకీ మధ్య నిలబడింది.

"ఇందాక మీ చెవిలో పడ్డది నేనన్నది కాదు, ఆవిడన్నదీ కాదు," అంది అవతలి భాషలో. వేదిక మీది మైకులన్నీ ఆగిపోయాయి, అందుకే గొంతు పగిలేలా అరిచింది. "ఆ హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టండి. నన్ను చూస్తూ వినండి." తర్వాత నన్ వైపు తిరిగి ఆవిడ భాషలో, "మళ్లీ చెప్పండి సిస్టర్. మొదట్నుంచి," అంది.

ఆవిడ మళ్లీ చెప్పింది. చిలక ఒక్కో వాక్యాన్నీ పొట్టలోంచి తోడి, వెనక వరస దాకా విసిరింది. "మా దేవుణ్ణి నమ్మనివాళ్ల ఇల్లు తగలబడుతుంటే, ముందు పరిగెత్తాల్సింది నేను. నన్ను దాటి ఎవరైనా అగ్గిపుల్ల పట్టుకుని వస్తే, ముందు నా బట్టలకి అంటించమనండి."

మౌల్వీ చేతికర్ర పట్టుకుని, మోకాళ్లు పటపటమంటుంటే లేచి నిలబడ్డాడు. "నా బట్టలకి కూడా," అన్నాడు. చిలక దాన్ని ఇటువైపు భాషలో అరిచి చెప్పింది. స్వామీజీ లేచాడు. ఆపైన హాల్లో ఎవరు లేచారో, ఎవరు ఏడ్చారో లెక్క తెలీదు. ముందు వరసలోంచి జారుకోబోయిన దాతగార్ని మాత్రం గుమ్మం దగ్గర, మేనమామ కబురందుకున్న ఇద్దరు డిపార్ట్‌మెంట్ మనుషులు చెరో చెయ్యీ పట్టుకుని ఆపారు. కోటు కాలర్లో మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది.

ప్రమాణం పూర్తయ్యేదాకా చిలక ఆ ఇద్దరి మధ్యనే నిలబడి ఉంది. అప్పటికి ఆమె గొంతులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు.

మెట్ల కింద మేనమామ వేణ్ణీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఫోన్ మోగుతుంటే తీశాడు. అవతల బాస్.

"ఆర్డర్ ధిక్కరించింది. ఫోన్ పెట్టేసింది. డిపార్ట్‌మెంట్ ఏజెంటై ఉండి ప్రపంచమంతా చూస్తుండగా టీవీలో కనబడింది. ఇవ్వు దానికి ఫోన్."

మేనమామ చిలక వైపు చూశాడు. ఆమె గొంతు పట్టుకుని తల అడ్డంగా ఊపింది.

"గొంతు పూర్తిగా పోయింది సార్. ఎంత తిట్టాలనుంటే అంతా ఇవాళే తిట్టెయ్యండి," అన్నాడాయన. "ఇలా ఎదురు చెప్పకుండా వినే రోజు మళ్లీ మనకి దొరకదు."