బుగ్గలో దాచిన బొమ్మ

నా పేరు ఫెర్మిన్. మాది మెక్సికోలో ప్యూబ్లా. ప్రస్తుతం అమెరికాలో, మంచు తప్ప మరేమీ పండని మిల్వాకీలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. పైగా మా యూనివర్సిటీ లాటిన్ అమెరికా విద్యార్థుల సంఘానికి సాంస్కృతిక కార్యదర్శిని. ఆ పదవికి పోటీ చేసింది నేనొక్కణ్ణే. అయినా గెలిచిన రోజు అమ్మకు ఫోన్ చేసి, మెక్సికో పరువు ఇక నా చేతుల్లోనే ఉందని చెప్పాను.

"ముందు నీ బట్టలు ఉతుక్కో నాయనా," అంది అమ్మ.

పదవి వచ్చాక నా తల కాస్త తిరిగిన మాట నిజం. ఎవరు ఏ మిరపకాయ కొన్నా తప్పు పట్టేవాణ్ణి. సంఘంలో కొత్తగా చేరిన రోసీయోనూ వదల్లేదు. తాతలది మెక్సికోలోని మిచోవాకానే అయినా, తను టెక్సాస్‌లో పుట్టి పెరిగింది. స్పానిష్ మాట్లాడుతుంటే మధ్యలో ఇంగ్లీషు వచ్చి కూర్చునేది.

"నువ్వు నిజంగా మెక్సికనేనా?" అన్నాను, కార్యదర్శి హోదాలో.

"ఏం, హాజరు వేస్తున్నావా?"

"అబ్బే, టెక్సాస్ వాళ్ళు ప్రతిదాంట్లో ఆ పసుపుపచ్చ చీజ్ వేస్తారట కదా, అందుకని."

"వేస్తాం. నీ మొహాన కూడా వేస్తా, కావాలా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మరి చేసేదేముంది! ఆ మాటకు ఏం జవాబు చెప్పాల్సిందా అని వారం రోజులు ఆలోచించాను. జవాబు దొరకలేదు గానీ, ఆలోచిస్తూ ఆలోచిస్తూ ఆ పిల్ల మీద మనసు పారేసుకున్నాను.

జనవరి ఆరున ముగ్గురు రాజుల పండగ వచ్చింది. సంఘం గదిలో గుండ్రటి రోస్కా రొట్టె కోశాం. అందులో రెండు చిట్టి బాలయేసు బొమ్మలు దాచి ఉంటాయి. బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వాళ్ళు ఫిబ్రవరి రెండున అందరికీ తమాలీలు, అంటే పొత్తు రేకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించే మొక్కజొన్న పిండి కుడుములు, వండిపెట్టాలి. తప్పించుకునేవాడు మనిషే కాదని నేనే పది నిమిషాలు ఉపన్యాసమిచ్చాను. తమాలీలు నాకు మా అమ్మమ్మే దగ్గరుండి నేర్పించిందని కూడా చెప్పాను. నిజానికి అమ్మమ్మ నన్ను వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు, గరిటె పుచ్చుకుని తరిమేది.

ఉపన్యాసం ముగించి ముక్క కొరికాను. పంటి కింద కటుక్కుమంది.

గదిలో నలభై మంది ఉన్నారు. మనిషికి మూడు చొప్పున వేసుకున్నా నూట ఇరవై తమాలీలు. నాకు గుడ్డు ఉడకబెట్టడం కూడా చేతకాదు. చేసేది లేక బొమ్మను నాలుకతో ఎడమ బుగ్గలోకి నెట్టేశాను.

సరిగ్గా అప్పుడే రోసీయో చెయ్యెత్తింది. "నాకొచ్చింది!"

"అయిపోయాం! టెక్సాస్ తమాలీలు తినాలిరా దేవుడా," అన్నాడు నా రూమ్మేట్ గొన్సాలో. వాడిది ఈక్వడార్. గదంతా గొల్లున నవ్వింది. "మరి రెండోది ఎవరికొచ్చింది?"

ఎవరూ పలకలేదు. నేనైతే అసలు పలకలేను.

రోసీయో నా బుగ్గ వైపే చూస్తూ, "కార్యదర్శిగారూ, తమరేమంటారు?" అంది.

"ఊఁ."

"పంటి నొప్పా?"

"ఊఁ."

మర్నాడు లైబ్రరీ మెట్ల మీద నన్ను పట్టుకుంది. "నలభై మందికి వండాలి. మీ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నావుగా, నాకూ నేర్పిస్తావా? శనివారాలు నాకు ఖాళీ."

శనివారాలట! ఎవడు కాదంటాడు?

అలా హాస్టల్ వంటగదిలో నా గురుత్వం మొదలైంది. ప్రతి పది నిమిషాలకూ బాత్రూమ్‌లో దూరి అమ్మకు ఫోన్ చేసేవాణ్ణి.

"అమ్మా, పిండిలో పంది కొవ్వు ఎంత వెయ్యాలి?"

"బాత్రూమ్‌లో కూర్చుని వంట చేస్తున్నావేంట్రా?"

"నీకెలా తెలుసు?"

"గొంతు మోగుతోంది వెధవా!"

బాగా గిలక్కొట్టిన పిండి చిన్న ఉండ చేసి నీళ్ళ గ్లాసులో వేస్తే తేలాలి. మొదటి శనివారం మా ఉండ బుడుంగున మునిగింది.

"ప్యూబ్లాలో ఇంతేనా గురువుగారూ?" అంది రోసీయో.

"మా వైపు ముందు మునిగి, తర్వాత తేలుతుంది."

ఇద్దరం పది నిమిషాలు ఆ గ్లాసు ముందు కూర్చున్నాం. అది తేలలేదు. రోసీయో పెదవి కొరుక్కుంటూ కిటికీలోంచి మంచు చూసింది. నేను ఆమె ముక్కు మీద అంటిన పిండిని చూశాను. ఎంత బాగుందో ఆ పిండి!

బొమ్మ నా పర్సులోనే ఉంది. చెప్పేద్దామని ప్రతి శనివారం నోటిదాకా వచ్చేది. చెబితే ఛీ అంటుంది, ఇక నా మొహం చూడదు. ఇంకొక్క శనివారం కానిద్దాం అనుకునేవాణ్ణి. అలా శనివారాలన్నీ అయిపోయి ఫిబ్రవరి రెండు రానే వచ్చింది.

పొద్దున్నే ఇద్దరం మొక్కజొన్న పొత్తుల రేకుల్లో నూట ఇరవై తమాలీలు చుట్టి, పెద్ద కుండలో నిలబెట్టి ఆవిరికి పెట్టాం. నీళ్ళు ఇంకిపోతే తెలియడానికి కుండ అడుగున ఒక నాణెం వేశాం. అది గలగలమంటూనే ఉంది, నీళ్ళున్నాయన్నమాట. రెండు గంటలు గడిచాయి. మూత తీసి ఒక రేకు విప్పితే లోపల పచ్చి పిండి. ఇంకో అరగంట ఆగి చూసినా పచ్చి పిండే. మధ్యాహ్నానికి జనం వచ్చేస్తారు. దాక్కోవడానికిక బాత్రూమ్ కూడా గుర్తురాలేదు. అక్కడే వీడియో కాల్ చేసి అమ్మకు కుండ చూపించాను.

"ఆ వంటింట్లో ఎవరో కోపంగా ఉన్నార్రా," అంది అమ్మ. "కోపం ఉన్నచోట తమాలీ ఉడకదు. మీ పిన్నీ బాబాయీ పోట్లాడుకున్న ఏడాది మనం ఏం తిన్నామో మర్చిపోయావా?"

"ఇక్కడ కోపం ఎవరికమ్మా? మేమిద్దరమేగా ఉన్నాం."

"నాకుంది," అంది రోసీయో.

"ఎవరి మీద తల్లీ?"

"మీ అబ్బాయి మీదేనండీ. నెల రోజుల్నించీ."

రోసీయో నా వైపు తిరిగింది.

"నువ్వు బొమ్మ దాచడం ఆ రోజే చూశాను ఫెర్మిన్. అందరూ నన్ను చూసి నవ్వుతుంటే, రెండో బొమ్మ పట్టుకుని నువ్వూ నా పక్కన నిలబడతావని ఎదురుచూశాను. నువ్వు పంటి నొప్పన్నావు. నాకు తమాలీలు రావనుకున్నావా? ఆరేళ్ళప్పటి నుంచీ మా అమ్మమ్మ పక్కన కూర్చుని చుట్టాను. ఇవాళైనా చెప్తావేమోనని ప్రతి శనివారం వచ్చాను."

"మరి ఆ రోజు ఉండ మునిగినప్పుడు?"

"నవ్వాపుకోలేక చచ్చాను."

పర్సులోంచి బొమ్మ తీసి ఆమె చేతిలో పెట్టాను. దాని పాదం మీద నా పంటి గాటు ఉంది. "ముందు వంట రాదని దాచాను. తర్వాత నువ్వు రావడం మానేస్తావని దాచాను. నువ్వంటే నాకు చాలా ఇష్టం రోసీయో. నా దగ్గరిక దాచడానికేమీ లేదు."

"ఒరేయ్, నేనింకా ఫోన్‌లోనే ఉన్నాను," అంది అమ్మ.

"తెలుసమ్మా."

"ఏమ్మా, కోపం పోయిందా?"

"సగం పోయిందండీ."

"మిగతా సగానికి మందుంది. ఇద్దరూ కుండ చుట్టూ డాన్సు చెయ్యండి. నీ నంబరు నాకివ్వు తల్లీ, ఇక వాడితో నాకు పని లేదు."

చేశాం. మెక్సికో పరువు మోసే కార్యదర్శికి అడుగులు కూడా రావని ఆ రోజే తేలింది. మూడుసార్లు ఆమె కాలు తొక్కాను. పళ్ళేలతో లోపలికొచ్చిన గొన్సాలో మమ్మల్ని చూసి, పళ్ళేలు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. కాసేపాగి మళ్ళీ మూత తీశాం. ఈసారి రేకు పిండి అంటకుండా శుభ్రంగా ఊడొచ్చింది.

జనం వచ్చి కూర్చున్నాక కుర్చీ ఎక్కి బొమ్మ పైకెత్తాను. "రెండో బొమ్మ నాకొచ్చింది. బుగ్గలో దాచాను. నాకు తమాలీలు రావు. ఇవన్నీ రోసీయో చేసినవే. పదవికి రాజీనామా చేస్తున్నాను."

"దిగరా బాబూ! ఆ పదవి ఇంకెవడికి కావాలి?" అని అరిచాడు గొన్సాలో. ఈసారి గదంతా నన్ను చూసి నవ్వింది. రోసీయో వచ్చి కుర్చీ పక్కన నిలబడింది.

నేను దిగాక మొదటి తమాలీ విప్పి నా నోట్లో పెట్టింది. లోపల టెక్సాస్ పసుపుపచ్చ చీజ్. ఎప్పుడు పెట్టిందో ఏమో!

"ఎలా ఉంది?"

"ఊఁ."

"బుగ్గలో ఏమైనా దాస్తున్నావా?"

నలభై మంది ముందు నోరు బార్లా తెరిచి చూపించాను.