గురువారం దిగే చీపురు

బురద బూట్లతోనే లోపలికి వచ్చేశాడు వెండెల్. అల్ముట్ అప్పుడే తన అతిథిగృహంలో నేల తుడిచి లేచింది.

"బూట్లు!" అంది.

"ముందు నా మాట విను. రాత్రి నీ అతిథుల్ని మళ్ళీ వంతెన పక్క హోటలుకే పంపావు కదూ?"

"బూట్లు, వెండెల్."

గుమ్మంలో బూట్లు విప్పి మళ్ళీ వచ్చాడు. సాక్సుకు చిల్లు. బయటికి తొంగిచూస్తున్న బొటనవేలిని రెండో పాదంతో కప్పుకుని పోట్లాడడం అంత సులువు కాదు. అయినా తగ్గలేదు.

"ట్రౌట్ చేపతో అక్కడ ఏం పోశారో తెలుసా? ఎక్కడో దక్షిణాన ఎండకు మాగిన చిక్కటి ఎర్ర వైను! మెత్తటి ఏటి చేప అది, రుచంతా చచ్చిపోయింది. చల్లగా, కాస్త పుల్లగా మా రీస్లింగ్ తెల్ల వైను పోసి ఉంటేనా..."

"ఉపన్యాసం అయ్యాక చెప్పు. బకెట్ పారబోయాలి."

"వేళాకోళం కాదు. ఈసారీ బల్లలు ఖాళీగా ఉంటే వచ్చే ఏడాది చీపురే కట్టనంటున్నాడు నాన్న. ద్రాక్షంతా సహకార సంఘానికి పోసేస్తాడట. మా కొండ ద్రాక్ష అందరి ద్రాక్షతో ఒకే తొట్టెలో కలిసిపోతుంది. నువ్వేమో ఒక్కళ్ళని కూడా పంపవు!"

నెకర్ నది ఒడ్డున ఆ ఊళ్ళో ద్రాక్షతోటల వాళ్ళు ఏడాదిలో కొన్ని నెలలు ఇంట్లోనే బల్లలు వేసి, సొంత వైను, ఇంటి వంట అమ్ముతారు. గేటుకు చీపురు వేలాడితే రమ్మని అర్థం. చీపురు లేని ఇంటి తలుపు ఎవరూ తట్టరు.

అల్ముట్ బకెట్ కింద పెట్టింది.

"పంపలేదా? వసంతమంతా పంపాను! గురువారం ఊళ్ళో హోటళ్ళన్నిటికీ సెలవు. నీ దగ్గరికి కాక ఇంకెక్కడికి పంపను? ఉల్లిపాయ టార్టుతో రీస్లింగ్ అడగండి, సాసేజీ, పుల్లటి క్యాబేజీ తింటే లెంబర్గర్ ఎర్ర వైను అడగండి అని నీ పాఠం కూడా నేనే చెప్పాను. పాపం కొండెక్కారు, చీపురు లేదని దిగొచ్చారు, నా బిస్కెట్లు తిని పడుకున్నారు. ఒకాయనైతే పొద్దున్నే వాచిన మోకాలు చూపించాడు నాకు."

వెండెల్ కిటికీ వైపు తిరిగాడు. ఆమె వదల్లేదు.

"అదే సాయంత్రం చర్చిలో పాటల సాధన అయ్యాక, నేను ఎప్పటిలాగే వెనక మెట్లదారిన మీ వంటింటి వైపు నుంచి వచ్చి భోంచేశాను. పొయ్యి వెలుగుతోంది. నువ్వు ఇస్త్రీ చొక్కా వేసుకుని వడ్డిస్తున్నావు. బల్లలన్నీ ఖాళీ! చీపురు కట్టావా అంటే కట్టానన్నావు. అబద్ధం."

"కట్టాను, నిజం."

"మరేమైంది?"

"గాలికి పడిపోయి ఉంటుంది."

"ప్రతి గురువారం గాలేనా?"

"కొండ మీది గాలి సంగతి నీకు తెలీదు."

"నేనీ ఊళ్ళోనే పుట్టాను, వెండెల్!"

అతను బూట్లు చేత్తో పట్టుకుని సాక్సులతోనే వీధిలోకి వెళ్ళిపోయాడు.

గురువారం వచ్చింది. వాన కూడా వచ్చింది. అల్ముట్ సాధన ఎగ్గొట్టి, అతిథులందర్నీ సాక్ష్యానికి వెంటేసుకుని ముందు దారిన కొండెక్కింది. గొడుగుల గుంపు ఆయాసపడుతూ వెనకపడింది. మలుపు తిరిగేసరికి ఆమెకు గేటు కనిపించింది. ఇస్త్రీ చొక్కా తడిసిపోతుంటే, స్టూలెక్కి చీపురు ముడి విప్పుతున్నాడు వెండెల్.

కిటికీలోంచి అతని బామ్మ రోస్వీటా అరుస్తోంది: "ఇప్పుడే దించుతావేంరా? పాటల సాధన ఇంకా మొదలే కాలేదు! ఆ పిల్ల రావడానికి బోలెడు టైముంది!"

అల్ముట్ ఆగిపోయింది. వెండెల్ తల తిప్పి చూశాడు. స్టూలు ఊగింది.

"గాలా?" అందామె.

"కాదు."

"నా కోసమా?"

"బల్లలు నిండితే నేను కూర్చోలేను. పళ్ళేలు మోస్తూ తిరగాలి. నువ్వేమో వారానికి ఒక్క రోజే వస్తావు." చీపురుతో మాట్లాడుతున్నట్టు దాన్నే చూస్తూ అన్నాడు.

"అందుకని ఉన్న వ్యాపారం పాడుచేసుకుని, నా అతిథుల్ని ఆకలితో తిప్పి పంపి, పైగా ఎవర్నీ పంపవని నా మీదే అరుస్తావా?"

"మిగతా రోజులు పంపొచ్చుగా."

"నోటితో చెప్పలేవా, వెండెల్?"

"ఏమని?"

"ఏదో ఒకటి! మనుషులు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునేది!"

"అమ్మాయ్," అంది రోస్వీటా, "వానలో ఎందుకు, లోపలికొచ్చి తిట్టు."

అల్ముట్ అతని చేతిలోంచి చీపురు లాక్కుని తనే స్టూలెక్కి గట్టిగా ముడేసింది. అప్పటికి గొడుగులు గేటు దగ్గరికి చేరాయి.

ఆ సాయంత్రం ఏ బల్లా ఖాళీగా లేదు. వెండెల్ వైను పోస్తే, బామ్మ ఇచ్చిన ఏప్రన్ కట్టుకుని అల్ముట్ టార్టులు మోసింది. తలుపు ఇరుకు. ఎదురుపడ్డ ప్రతిసారీ ఇద్దరిలో ఒకరు పక్కకు తప్పుకోవాలి. ఓసారి ఇద్దరూ తప్పుకోలేదు.

"నువ్వంటే ఇష్టం," అన్నాడతను, సీసా గుండెకు హత్తుకుని.

"టార్టు చల్లారిపోతోంది," అంది ఆమె. కానీ కదల్లేదు. "నాకూను. ఇది చెప్పడానికి ఒక వసంతం పాడుచేశావు."

వెనక నుంచి వెండెల్ నాన్న గొంతు వినిపించింది. "గ్లాసులు సరిపోవడం లేదురా! ఆ చీపురు కూడా అరిగిపోయింది. వచ్చే ఏడాదికి కొత్తది కట్టాలి." కాస్త ఆగి, "అమ్మాయీ, ముడి మాత్రం నువ్వే వెయ్యి. వీడిది నిలవదు," అన్నాడు.

ఆ తరవాత అతిథులు ఎవరు అడిగినా అల్ముట్ కొండ మీదికే పంపుతోంది, ఏ వంటకంతో ఏ వైను అడగాలో చెప్పి మరీ.

"ఒక్క ఆదివారం మాత్రం వెళ్ళకండి. చీపురుండదు."

"అదేం? ఆ రోజు సెలవా?"

"కాదు," అంటుంది నేల తుడుస్తూ. "నేను దించేస్తాను."