ఫీ, మాఫీ

"స్లైడ్ మార్చండి."

ఐదేళ్ల తర్వాత ఫెబీ నాతో అన్న మొదటి మాట అది. చివర 'అండి' ఒకటి! ఒకప్పుడు నా ప్లేట్‌లోంచి చికెన్ ముక్క అడక్కుండా తీసుకున్న మనిషి, నన్ను 'అండి' అంటుంటే ఎవరితో చెప్పుకోను? నోరుమూసుకుని స్లైడ్ మార్చాను.

క్యారీలోని మా తెలుగు చర్చ్ నుంచి ఇరవై ఇద్దరం వచ్చే నెల జోర్డాన్ వెళ్తున్నాం. బైబిల్లోని నెబో కొండ ఎక్కాలని, యొర్దాను నది చూడాలని పెద్దవాళ్ల ముచ్చట. అరబ్బు దేశపు పద్ధతులు ముందుగా చెప్పేవాళ్ల కోసం పాస్టర్ సుందర్ రాజ్ గారు వెతుకుతుంటే, మిషిగన్ నుంచి కొత్తగా మా ఊరొచ్చిన ఒక అమ్మాయి దొరికింది. వాళ్లమ్మ కువైట్‌లో నర్స్ అట, పదో తరగతి దాకా అక్కడే పెరిగిందట. ల్యాప్‌టాప్ పని నాకు అప్పగించారు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ అమ్మాయి హాల్లోకి నడిచొచ్చేదాకా, ఆమె ఫెబీ అని నాకు తెలియదు.

"పిల్ల బాగుంది కదూ?" నా పక్కన కూర్చున్న విమలకుమారి ఆంటీ గుసగుసలాడింది. ఆంటీకి చర్చ్‌లో రెండు పనులు, క్వయర్‌తో పాడించడం, సంబంధాలు కుదిర్చడం. "ఈ పిల్లకి ఆష్‌బర్న్‌లో ఉండే అబ్బాయిని చూశాను, జూడ్. డేటా సెంటర్‌లో జాబ్. ఇవాళ లంచ్ దగ్గర జవాబు చెప్తానంది."

స్లైడ్‌లు మార్చే క్లిక్కర్‌ను వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాను.

ఫెబీ మాత్రం హాయిగా చెప్పుకుపోతోంది. "భుజాలు, మోకాళ్లు కనపడని బట్టలు వేసుకోండి. ఆడవాళ్ల ఫోటోలు అడక్కుండా తీయొద్దు. ఎడమ చేత్తో ఏదీ ఇవ్వకండి."

"అది మా బాపట్లలోనూ అంతేగదమ్మా," అన్నాడు ఇమ్మాన్యుయేల్ అంకుల్. ఆయన మొదటి వరసలో కూర్చుని ప్రతిదానికీ డౌట్ అడిగే రకం.

"వాళ్లింట్లో ఏదైనా బాగుందని మరీ పొగడకండి ఆంటీ. తీసుకోమని చేతిలో పెట్టేస్తారు."

"మరి నాక్కావాల్సింది అదేగా!" అంది విమలకుమారి ఆంటీ. హాలంతా నవ్వింది.

"టాక్సీ అతను ఐదు నిమిషాల్లో వస్తా, ఇన్షా అల్లా అంటే అరగంట అనుకోండి. దేవుని చిత్తమైతే అని దానర్థం."

"మన కమిటీ మీటింగ్‌లూ అంతేలే," అన్నారు పాస్టర్ గారు.

తర్వాత ఫ్లాస్క్ మూత తీసింది. ఏలకుల వాసన హాలంతా పరుచుకుంది. "ఇది వాళ్ల కాఫీ. పాలు, పంచదార ఉండవు. బుల్లి కప్పులో కొంచెమే పోస్తారు. చాలనుకుంటే కప్పును ఇలా అటూ ఇటూ ఊపాలి. ఊపలేదో, పోస్తూనే ఉంటారు."

ఆ వాసన నన్ను తిన్నగా షార్లెట్‌కి తీసుకుపోయింది. ఫెబీ, నేను అక్కడ ఎంఎస్ చదివిన రోజులు. వాళ్ల అపార్ట్‌మెంట్ కిచెన్‌లో ఇదే కాఫీ కాచేది. నాకు అది కషాయంలా ఉండేది. అయినా కప్పు ఊపేవాణ్ని కాదు. ఊపితే లేచి వెళ్లిపోవాలి కదా!

నేనేమో ఎక్కడికైనా ఆలస్యమే. వానలో ఫెబీ లైబ్రరీ మెట్ల మీద తడుస్తూ నిలబడేది. ఒక్క వైపరే పనిచేసే నా కారు వచ్చి ఆగేది.

"సారీ ఫెబీ, సారీ సారీ."

"మాఫీ ముష్కిల్!" అని నవ్వుతూ, తడి జుట్టు కావాలనే నా మీద విదిలించేది. ఆ నవ్వు కోసమైనా ఇంకోసారి లేట్‌గా వెళ్లాలనిపించేది. ఎంత బాగుండేవో ఆ రోజులు! చేతిలో డాలర్ లేదు, జాబ్ లేదు, దిగులూ లేదు.

ఆమెకు మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో జాబ్ వచ్చింది. ఉదయం ఆరున్నరకు ఫ్లైట్. ఎయిర్‌పోర్ట్‌కి నేనే డ్రైవ్ చేస్తానన్నాను. దారిలో మనసులో మాట చెప్పాలని నెల రోజులు రిహార్సల్ చేశాను. తీరా ఆ రోజు నిద్రపోయాను. లేచేసరికి ఆమె ఫ్లైట్ గేట్ దగ్గర నుంచి పంపిన మెసేజ్. "నువ్వు రాలేదు. ఒక్కటి చెప్పు. మన మధ్య ఏమైనా ఉందా?"

ముందు క్షమాపణ, అసలు మాట ఫోన్‌లో, అనుకున్నాను. ఆమె మాటతోనే అడిగితే మెత్తబడుతుందని ఒకే ఒక్క మాట పంపాను. "మాఫీ."

రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. క్షమించలేదనుకున్నాను. సిగ్గుతో నాలుగోసారి చేయలేదు. ఐదేళ్లు గడిచాయి.

"స్లైడ్ అండీ!"

ఉలిక్కిపడి మార్చాను. తెర మీద పెద్ద అక్షరాలు. రోజువారీ మాటలు.

"ఈ రెండూ నేర్చుకుంటే చాలు," అంది ఫెబీ. "ఫీ అంటే ఉంది. మాఫీ అంటే లేదు. నీళ్లు ఉన్నాయా అని అడిగితే, ఫీ, మాఫీ. అంతే."

ఆంటీ నోట్‌బుక్‌లో రాసుకుంది. అంకుల్ చెయ్యెత్తాడు. "మాఫీ అంటే మన రుణమాఫీ లాంటిది కాదా అమ్మా? క్షమించడం?"

"కాదంకుల్. మాఫీ ముష్కిల్ అంటే ఇబ్బందేం లేదు అని. క్షమించడానికీ దానికీ సంబంధం లేదు."

నా చేతిలోంచి క్లిక్కర్ జారి కిందపడింది. మన మధ్య ఏమైనా ఉందా అని పిల్ల అడిగితే, లేదు అని జవాబిచ్చానా నేను!

"నాకో డౌట్," అన్నాను. "తెలియక, మాఫీ అంటే సారీ అనుకుని ఎవడైనా పంపితే?"

ఫెబీ అంకుల్ కప్పులో కాఫీ పోస్తోంది. తల తిప్పి, ఐదేళ్లలో మొదటిసారి నన్ను సూటిగా చూసింది. "అలా ఎవరు అనుకుంటారు?"

"ఊళ్లో రుణమాఫీ వార్తలు విని పెరిగినవాడు. సారీ అన్నప్పుడల్లా ఒకమ్మాయి మాఫీ ముష్కిల్ అని నవ్వితే, క్షమించేసిందనుకున్న తెలివితక్కువవాడు."

ఆమె అలాగే నిలబడిపోయింది. ఫ్లాస్క్ వంగి ఉంది. కాఫీ కప్పు నిండి, సాసర్ నిండి, బల్ల మీదికి పారుతోంది.

"ఊపానమ్మా! ఊపానమ్మా!" అని అంకుల్ కేకలు పెట్టాడు.

ఇంకా ఎనిమిది స్లైడ్‌లున్నాయి. "క్లాస్ ఖలాస్," అంది ఫెబీ. "అంటే అయిపోయిందని." గబగబా కిచెన్‌లోకి వెళ్లిపోయింది.

నేనూ వెనకే వెళ్లాను. సింక్ దగ్గర నిలబడి, కడిగిన కప్పునే మళ్లీ కడుగుతోంది.

"ఐదేళ్లు, జూడ్," అంది తిరక్కుండానే. "ఐదేళ్లు ఆ మాట తలుచుకుని ఏడ్చాను."

"ఫోన్ ఎత్తి ఉంటే..."

"లేదు అన్నవాడి ఫోన్ ఎందుకెత్తాలి? నువ్వు మిషిగన్ రాలేవా?"

"నువ్వు క్షమించలేదనుకున్నాను ఫెబీ. ఏ మొహం పెట్టుకుని రాను?"

"ఆ రోజు అలారం మోగలేదా అసలు?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పబుద్ధి కాలేదు. "మోగింది. నేనే ఆపి పడుకున్నాను."

"అది మాత్రం మాఫీ చేయను!"

"ఏ భాషలో?"

"తెలుగులో!" అని గిరుక్కున తిరిగింది. కళ్లలో నీళ్లు, పెదవుల మీద ఆపుకోలేని నవ్వు. 'అండి' ఎటుపోయిందో పోయింది.

నా ఫోన్ తీసి పాత చాట్ చూపించాను. అట్టడుగున ఆ ఒక్క మాట అలాగే ఉంది. చాలాసేపు చూసింది. తర్వాత, చాలా మెల్లగా, "ఇప్పుడడుగుతున్నా. మన మధ్య ఏమైనా ఉందా?" అంది.

"ఫీ," అన్నాను. "అప్పుడూ ఫీ. ఇప్పుడూ ఫీ. నీ సంగతి చెప్పు."

ఆమె నోరు తెరిచేలోగా తలుపు తెరుచుకుంది. విమలకుమారి ఆంటీ, చంకలో నోట్‌బుక్.

"ఇక్కడున్నావా తల్లీ! బిర్యానీ చల్లారిపోతోంది. ఆష్‌బర్న్ వాళ్లు ఇప్పుడే ఫోన్ చేశారు. ఏం చెప్పమంటావు?"

ఫెబీ ఫ్లాస్క్ అందుకుని, ఒక బుల్లి కప్పులో కాఫీ పోసి నా చేతికిచ్చింది, కుడిచేత్తో.

"మాఫీ, ఆంటీ."

ఆంటీ కళ్లద్దాలు సర్దుకుని నోట్‌బుక్ తిరగేసింది. "ఫీ అంటే ఉంది... మాఫీ అంటే..." ఆగిపోయింది. ఫెబీ వైపు చూసింది, నా వైపు చూసింది. నేను ఒక్క గుక్కలో తాగేసి, ఊపకుండా మళ్లీ చాచిన కప్పు వైపు చూసింది.

"మరి మన జూడ్ సంగతి?"

ఫెబీ నా కప్పు నింపుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"ఫీ."