పేజీ నంబర్లు లేని ఫైలు

ఉదయం తొమ్మిదింటికి ప్రభుత్వ ఆఫీసులో రికార్డు కీపర్‌ను కాల్చి చంపారు. తొమ్మిదింబావుకల్లా ఏజెంట్ డేగ బాస్ ఎదుట ఉన్నాడు.

"ఆ ఆఫీసు కాగితాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు," అన్నాడు బాస్. "ఫైల్ 418లో శత్రుదేశంలో ఉన్న మన ఏజెంట్ ఫొటో, అసలు పేరు ఉన్నాయి. అది సర్వర్‌లో పడితే కీపర్‌ను చంపిన ముఠా చేతిలో పడ్డట్టే. పదకొండుకి సర్వర్ వాళ్ళకి అందకుండా చేస్తాం. అప్పటిదాకా ఆపు. ముఠా మనిషి ఒకరు ఆఫీసులోనే ఉన్నారు, ఎవరో తెలీదు. ఎవరినీ నమ్మకు."

"ఆ ఏజెంట్ ఎవరు సార్?"

బాస్ తల దించుకున్నాడు. "మీ చెల్లెలు."

చెల్లెలు అక్కడ బట్టల కంపెనీలో పనిచేస్తోందని ఇంటిల్లిపాదీ నమ్మారు. ఇంత పెద్ద గూఢచారి అయ్యుండీ డేగ కూడా నమ్మాడు.

స్కానింగ్ హాలులో కట్టలు విప్పి, పిన్నులు ఊడదీస్తున్నారు. దుమ్ముకి అందరూ తుమ్ముతున్నారు. ఆపరేటర్ వేషంలో డేగ సూపర్‌వైజర్ దగ్గరికెళ్ళాడు. ఖరీదైన సెంటు, చల్లని నవ్వు. తన డిపార్ట్‌మెంట్ అక్కడ పెట్టిన మనిషే.

"ప్రింటర్ టోనర్ అయిపోయింది," అన్నాడు.

"కొత్తది దారిలో ఉంది," అందామె. కోడ్ సరిపోయింది.

"418 ఎక్కడ?"

"నేనే స్కాన్ చేశాను." ఆమె చేతిలోని ఆ అట్ట ఫైలే అతని డొక్కకు ఆనింది. లోపల సైలెన్సర్ బిగించిన పిస్టల్. "సూపరింటెండెంట్ వేలిముద్ర పడగానే సర్వర్‌లోకి వెళ్ళిపోతుంది. నోరెత్తకుండా నాతో నడువు."

పది యాభై రెండు. సూపరింటెండెంట్ ఆమె చూపిన ట్యాబ్ వంక చూసి మొహం చిట్లించాడు.

"తెర మీద చూసి వేలు పెట్టమంటే ఎలాగమ్మా? ప్రింట్ తీసి తీసుకురండి."

ప్రింట్ వచ్చింది. ఆయన వేలు తడి చేసుకుంటూ ఒక్కో కాగితం తిప్పుతున్నాడు. ఫొటోలో చెల్లెలు నవ్వుతోంది. డేగకు ఏడుపొచ్చింది. కదిలితే తను పోతాడు, కదలకపోతే చెల్లెలు పోతుంది. పది యాభై ఎనిమిది.

"పేజీ నంబర్లేవి?"

"నువ్వు వేసెయ్," అని ఆమె ఫైలుతో డేగను పొడిచింది.

"కుదరదు. స్కాన్ చేసినవాళ్ళే చేత్తో వేయాలి," అన్నాడాయన పెన్ను అందిస్తూ.

పెన్ను అందుకోవడానికి ఆమె పిస్టల్‌ను ఎడమ చేతికి మార్చబోయింది. డేగకు అంతే చాలు. మణికట్టు విరిచాడు. గుండు సీలింగులోకి పోయింది. ఆమె కిందపడుతూనే ఆయన బొటనవేలు పట్టుకుని ట్యాబ్ మీదికి లాగింది. వేలు తాకేలోపు డేగ ట్యాబ్‌ను నేలకేసి కొట్టాడు. గోడ గడియారం పదకొండు కొట్టింది.

గార్డులు ఆమెను తీసుకెళ్ళారు. డేగ 418ను, ప్రింటును కాగితాలు చించే ష్రెడ్డర్‌లో వేసి, గోడకి ఆనుకుని కూలబడ్డాడు. చెల్లెలు బతికింది.

సూపరింటెండెంట్ తెల్లకాగితం ముందుకు తోశాడు. "ఫైలు ఎందుకు చించారో రాసివ్వండి. ఎవరి వివరాలున్నాయో కూడా."

డేగ 'ఎవరివీ లేవు' అని రాశాడు.

"ఎవరివీ లేనిదానికి ఇంత గొడవ దేనికండీ?" అన్నాడాయన. "సరే, మూడు కాపీలిచ్చి వెళ్ళండి. పేజీ నంబర్లు మర్చిపోకండి."