గోడకు పడ్డ కన్నం

"ఏవండీ! ఏవండోయ్! ఆపండి! నా నెత్తి మీదికి ఇనప చువ్వ దిగుతోంది!"

అరుపు గోడ అవతలినుంచి వచ్చింది. ఆ పిల్ల గబుక్కున డ్రిల్లింగు మిషను ఆపి, మొనను వెనక్కి లాగింది. ఎర్రటి ఇటుకపొడి జలజలా కాళ్ళ మీద రాలింది. గోడలో వేలు పట్టేంత కన్నం. అందులోంచి పక్కింటి వెలుగు.

గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడకు కన్ను కూడా వచ్చింది. కన్నంలో నల్లటి కనుగుడ్డొకటి ప్రత్యక్షమై, అటూ ఇటూ తిరిగి, ఆమె మీద ఆగింది.

ఆ పిల్ల ఇంట్లో కూర్చుని ఫోన్లో కస్టమర్ల తిట్లు తినే ఉద్యోగం చేస్తుంది. అలవాటున నోరు దానంతటదే పలికింది.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్. మీ సమస్యేమిటో చెప్పండి."

"నా సమస్య మీరేనండీ! గోడకానుకుని టీ తాగుతున్నాను. బెత్తెడు ఇటు జరిగి కూర్చునుంటే ఈపాటికి నా బుర్రలో గాలాడేది."

"గోడ ఇంత పలచగా ఉంటుందనుకోలేదు."

"మీరు పొద్దుట్నుంచీ తొలుస్తున్న తొలుపుడికి కొండైనా పలచబడుతుంది. ఇంతకీ ఏం పనండీ అది? సొరంగమా?"

"రాడ్డు బిగిస్తున్నాను. పట్టుకుని నడవడానికి."

"ఎవరు నడవడానికి?"

ఆమె వెనకనున్న మంచంకేసి చూసింది. అవతలి కన్ను కాసేపు చూసి, నవ్వడం మానేసింది.

అంటురోగానికి భయపడి ఊరంతా తలుపులు మూసుకున్న రోజులవి. వీధిలో అంబులెన్సు తప్ప మరో చప్పుడు లేదు. మేడ మీద ఉండే ముసలావిడను తెల్లబట్టల వాళ్ళొచ్చి తీసుకెళ్ళారు. మళ్ళీ తీసుకురాలేదు. ఎంత బతిమాలినా ఏ పనివాడూ గడప తొక్కడు. ఏ పనైనా ఇంట్లోవాళ్ళే నేర్చుకుని చేసుకోవాలి, లేకపోతే ఊరుకోవాలి.

ఆ పిల్లకు ఊరుకునే వీల్లేదు. తల్లి ఎప్పుడో పోయింది. తండ్రికి ఆ ఏడు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాటలన్నీ పోయి నాలుగో అయిదో మిగిలాయి. లేచి నిలబడతాడు, గోడ పట్టుకుని అడుగులేస్తాడు. అలా వెళ్తూనే బాత్రూం గడప దగ్గర పడ్డాడు. బట్టలు తడిసిపోయాయి. కూతురే లేవదీసి, కడిగి, బట్టలు మార్చింది. ఆమె కడుగుతున్నంతసేపూ ఆయన కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాడు.

ఆ రోజునుంచి నీళ్ళు ముట్టడం మానేశాడు. తాగితే కదా వెళ్ళాల్సింది!

గ్లాసు నోటి దగ్గర పెడితే "వద్దు" అంటాడు. పాలు వద్దు. బతిమాలితే పెదవులు తడుపుకుని మొహం తిప్పుకుంటాడు. పెదవులు బీటలు వారాయి. ఫోన్లో డాక్టరు కసిరాడు. "నీళ్ళు లోపలికి పోకపోతే మనిషి దక్కడమ్మా. ఆస్పత్రికి తీసుకురావద్దు, ఇక్కడ పడకల్లేవు."

అందుకే ఆమె ఇంటి యజమానిని అడిగి మిషను తెచ్చింది. డాబా మీద ఎండకు పడున్న ఇనప పైపు దింపింది. మంచం దగ్గర్నుంచి బాత్రూం దాకా గోడకు బిగించాలి. తండ్రి ఒక్కడే వెళ్ళి రావాలి. అంతే. అది జరిగితే తాగుతాడు.

ఇదంతా ఆమె గోడకు చెప్పింది. గోడ అవతల మనిషి విన్నాడు.

"నేను బస్సు కండక్టర్నండీ," అన్నాడు చివరికి. "నిలబడి ప్రయాణం చేసేవాళ్ళ సంగతి నాకు కొంచెం తెలుసు. రాడ్డు ఒకటే పొడుగ్గా వేస్తే చాలదు. గడప దగ్గర నిలువుగా ఇంకోటి పెట్టండి. జనం బస్సు నడుస్తుండగా పడరు. దిగేటప్పుడు పడతారు."

"మీరొచ్చి పట్టుకోవచ్చుగా కాస్త?"

"నేను బయటికి రాకూడదు." గొంతు మారింది. "మా డ్రైవరన్నకు ఆ జబ్బు వచ్చింది. పోయాడు. ఆఖరి ట్రిప్పులో ఇద్దరం ఒకే సీసా నీళ్ళు తాగాం. నాకు జ్వరం రాకపోతే ఈ వారంలో వదిలిపెడతారు."

ఆమె కన్నం అంచున ఉన్న ఇటుకపొడి తుడిచింది. 

"ఈ కన్నం పూడ్చేస్తాను లెండి."

"అప్పుడేనా?" అని నాలుక కరుచుకున్నాడు. "అంటే, తొందరేం లేదు. నావైపు టికెట్ల కాగితం ఉండచుట్టి పెట్టుకుంటాను. తడితేనే తీస్తాను. కండక్టరు మాట!"

మర్నాడు ఆమె తట్టింది. ఎందుకంటే మేకు ఏ సైజుదని అడగడానికట. సాయంత్రం మళ్ళీ తట్టింది. ఈసారి ఏమీ అడగలేదు.

"ఏ స్టేజీలో ఉన్నారు?" అన్నాడతను.

"సగం దూరం వచ్చాను. మీరు తిన్నారా?"

"రొట్టె మాడింది. వాసన మీదాకా రాలేదా?"

"వచ్చింది. ఎవరిల్లో తగలబడుతోందనుకున్నాను."

అవతల నవ్వు వినిపించింది. ఎన్నాళ్ళకో విన్న మనిషి నవ్వు. పక్కనే మంచం మీద తండ్రి ఎండిన నోటితో కప్పుకేసి చూస్తున్నాడు. నవ్వొచ్చినందుకు ఆ పిల్లకు సిగ్గేసింది.

రాడ్డు బిగించడం పూర్తయిన రోజున, తండ్రిని లేపేముందు తనే దాన్ని పట్టుకుని బరువంతా వేసి వేలాడింది. ఫెళ్ళుమంది. పట్టీలు, మేకులు, అరచేతులంత గారపెచ్చులు ఊడి, రాడ్డుతో సహా ఆమె నేలమీద పడింది. పాతగోడ. లోపలంతా పిండి.

మంచం మీదనుంచి తండ్రి చూశాడు. ఎడమచెయ్యి ఎత్తాడు.

"తాపీ," అన్నాడు.

ఆమె గబగబా లేచి మేకులేరుకుంది. ఇంకా లావువి తెచ్చి దిగ్గొట్టింది. గోడ మరింత రాలింది.

"తాపీ... తాపీ..."

"తాపీగా ఎలా చెయ్యను నాన్నా! నీ నాలుక చూసుకున్నావా?" అని అరిచింది. ఆయన కళ్ళు మూసుకుని, మంచంపట్టె మీద అరచేత్తో కొట్టాడు. "తాపీ!"

సుత్తి అక్కడే పడేసి కన్నం దగ్గర కూలబడింది. తట్టకుండానే అవతల కాగితం ఉండ లాగిన చప్పుడైంది.

"ఏమైందండీ? ఏం పడింది?"

"అంతా ఊడిపోయింది. నా వల్ల కాదు." వెక్కిళ్ళ మధ్య మాట ముక్కలైంది. "నాన్న తాపీగా అంటున్నాడు. చిన్నప్పుడు పరిగెత్తితే అలాగే అనేవాడు, తాపీగా తల్లీ అని. పోయేవాడికి ఇంత హడావుడి ఎందుకని కాబోలు. ఆయన పోవాలనే అనుకుంటున్నాడు."

కండక్టరు ఏదో ఒకటి అడగాలని అడిగాడు.

"నాన్నగారు ఏం పని చేసేవారండీ?"

"ఇళ్ళు కట్టేవాడు. మేస్త్రి."

"ఏ మేస్త్రి? వడ్రంగా, రంగుల పనా?"

"కాదండీ, తాపీ మే..."

నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. కన్నంలో కన్ను పెద్దదైంది.

"ఓరి దేవుడా," అన్నాడతను మెల్లిగా. "ఆయన పనిముట్టు అడుగుతున్నారండీ."

ఆ పిల్ల అటక మీది గోనెసంచి దింపింది. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టని సంచి. పైన తూకం చూసే గుండు, రసమట్టం, అడుగున తాపీ. రేకు తుప్పుపట్టింది కానీ చెక్కపిడి నున్నగా, ఆయన అరచేతి గుంటతో అలాగే ఉంది. తెచ్చి ఎడమచేతిలో పెట్టింది. ఆయన దాన్ని తిప్పి చూసి, గోరుతో అంచు గీకి, కూతురికేసి చూశాడు. ఇందాకట్నుంచీ నీకెన్నిసార్లు చెప్పాలే అన్నట్టుంది ఆ చూపు.

డాబా మీద ఇంటి యజమాని వదిలేసిన బస్తాలో ఇంకా గట్టిపడని సిమెంటు ఉంది. ఇసుక ఉంది. పాత గిన్నెలో కలిపింది. ఆయన కుర్చీలో కూర్చుని వేళ్ళతో లెక్క చెప్పాడు, నీళ్ళు ఎక్కువైతే "వద్దు" అన్నాడు. గారంతా ఇటుక కనిపించేదాకా చెక్కించాడు. కొత్త పట్టీలు పెట్టించి, చుట్టూ ఆ సిమెంటు మాలు తనే కూరాడు. ఎడమచేతికి అలవాటు లేని పని. ఒక తాపీడు గోడకు, రెండు తాపీలు నేలకు. కూతురు వెనకనుంచి ముంజెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. మధ్యాహ్నం అయ్యేసరికి మొహమంతా చెమట. ఆ ఒంట్లోంచి చెమటకు నీళ్ళెక్కడివో తెలియదు.

పని ముగిశాక ఆయన తాపీ ఒళ్ళో పెట్టుకుని అన్నాడు.

"నీళ్ళు."

ఆ పిల్ల పరిగెత్తింది. గ్లాసు నిండా తెచ్చి, రెండు చేతులతో పట్టుకుని ముందు మోకరిల్లింది. మొహం వెలిగిపోతోంది.

ఆయన తల అడ్డంగా ఊపి గోడ చూపించాడు. పచ్చి సిమెంటు. తడుపుతూ ఉండాలి, లేకపోతే పగుళ్ళిస్తుంది. నీళ్ళు దానికి.

ఆమె మొహం చప్పున ఆరిపోయింది. గ్లాసు అలాగే గాల్లో ఉండిపోయింది.  "దానికైతే పోస్తాను నాన్నా," అంది. "దానికి పోస్తాను. అది నీళ్ళు లేక పగిలితే నీకు బాధ. నువ్వు పగిలితే నాకు ఎవరున్నారు?"

ఆయన కూతురి మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత గ్లాసు తీసుకున్నాడు. కుడి చెంపనుంచి సగం కారిపోయింది. మిగిలింది గుటకలు వేశాడు. "ఇంకా," అన్నాడు. ఆ మాట ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

తాగడమైతే తాగాడు. సాయంత్రానికి అసలు చిక్కు వచ్చిపడింది. గోడ గట్టిపడేదాకా రాడ్డు పట్టుకోవడానికి లేదు. ఆమె చెయ్యి ఆయన పట్టుకోనివ్వడు. దుప్పటి గుప్పిట పట్టి, పళ్ళు కరుచుకుని, గోడవైపు తిరిగిపోయాడు.

ఆమె కన్నం మీద తట్టింది.

"మీ గడువు తీరిందా?"

"పొద్దున్నే వదిలేశారు. జ్వరం లేదు, దగ్గు లేదు."

"మరి చెప్పలేదే?"

"చెబితే మీరు రమ్మంటారు. నాకు రావాలని ఉంది." ఆగాడు. "మా డ్రైవరన్న కూడా ముందురోజు దాకా బాగానే ఉన్నాడండీ. నవ్వుతూనే స్టీరింగు పట్టాడు. నా వల్ల మీ నాన్నగారికేమైనా అయితే..."

"ఇలాగే వదిలేస్తే అయ్యేది నాకు తెలుసు. మూతికి గుడ్డ కట్టుకుని రండి. చేతులు మోచేతుల దాకా కడుక్కోండి."

తలుపు తీసేసరికి ఎదురుగా ఒక పొడుగాటి మనిషి. మొహానికి రెండు గుడ్డలు. ఆమెకు తెలిసింది ఆ ఒక్క కన్నే. ఇప్పుడు రెండోది కూడా చూసింది. రెండూ ఏడ్చి కడుక్కున్న కళ్ళలా ఉన్నాయి. తన మొహాన సిమెంటు మరకలున్నాయని అప్పుడు గుర్తొచ్చింది. తుడుచుకుంది. మరింత పులుముకుంది.

అతను మంచం దగ్గరికెళ్ళి వంగాడు. "నమస్కారం బా..."

మాట గొంతులోనే మింగేశాడు. బాబాయ్ అంటే ఆయన కూతురు చెల్లెలైపోతుంది! చెవులు ఎర్రబడ్డాయి. గొంతు సవరించుకున్నాడు.

"నమస్కారం మావయ్యగారూ."

"మావయ్యా?" అంది ఆ పిల్ల వెనకనుంచి.

"మరి బాబాయ్ అనమంటారా?"

ఆమె గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"చెప్పండి మరి, అనేస్తాను!"

"ముందు నాన్నను తీసుకెళ్ళండి!" అని వంటింట్లోంచి కేక.

తండ్రికి మొహంలో కదిలేది సగమే. ఆ సగంతోనే నవ్వాడు. కండక్టరు భుజం మీద చెయ్యి వేశాడు.

గోడ తడిపినన్నాళ్ళూ అతను రోజూ వచ్చాడు. తండ్రిని నడిపించి, బయట నిలబడి, వెనక్కి తెచ్చి కూర్చోబెట్టేవాడు. కూతురు ఆ సమయానికి వంటింట్లో గిన్నెలు గట్టిగా చప్పుడు చేసేది. ఎదురింటి మనిషిని కూడా తెల్లబట్టల వాళ్ళు తీసుకెళ్ళారు. ఆ రోజు అతను వెళ్ళకుండా గడపలోనే కూర్చుండిపోయాడు. డ్రైవరన్న పిల్లల గురించి మొదటిసారి చెప్పాడు. ఆమె వింటూ గోడకు నీళ్ళు చల్లుతూనే ఉంది.

సిమెంటు తెల్లబడింది. ముందు ఆమె, తర్వాత అతను, ఆఖరికి ఇద్దరూ కలిసి వేలాడి చూశారు. రాడ్డు కదల్లేదు.

తండ్రి లేచాడు. ఎడమచెయ్యి రాడ్డు మీద వేశాడు. ఇద్దరూ చెరోవైపు చేతులు చాపితే "వద్దు" అన్నాడు. ఒక అడుగు. కుడికాలు ఈడుస్తూ ఇంకో అడుగు. గడప దగ్గర నిలువు రాడ్డు పట్టుకుని ఆగి, ఊపిరి తీసుకుని, దాటాడు. తలుపు మూసుకుంది. లోపలినుంచి గడియ పడింది.

ఆ గడియ చప్పుడుకు ఆ పిల్ల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కండక్టరు కూడా మొహం తిప్పుకున్నాడు. కాసేపటికి, "డిపోనుంచి ఫోనొచ్చింది," అన్నాడు. "రేపటినుంచి బస్సులు తీస్తున్నారు. వేరే డ్రైవరు. ఇక ఇక్కడ నా పని అయిపోయినట్టే."

"నాన్నకు అయిపోయింది," అంది ఆమె.

అతను రాడ్డుకేసి చూశాడు. అర్థం కాలేదేమోనని ఆమె మళ్ళీ చెప్పింది.

"నాన్నకు అన్నాను."

గుడ్డల పైన ఆ రెండు కళ్ళూ ఆమెను చూశాయి. వాటిలో సంతోషం కంటే ముందు భయం కనబడింది.

"రోజంతా జనంలో తిరిగొస్తాను. మా అన్న కూడా అలాగే... అలాంటివాణ్ణి ఇంట్లోకి రానిస్తారా?"

ఆమెకూ భయంగానే ఉంది. లేదని అబద్ధమాడలేదు. లోపల కుళాయి తిప్పిన చప్పుడు, నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తున్నాయి.

"గుమ్మం బయట బకెట్టు, సబ్బు పెడతాను," అంది. "శుభ్రంగా కడుక్కుని లోపలికి రండి."

"రోజూనా?"

"రోజూ."