పొయ్యి మీద అటకెక్కిన కంప్యూటర్

“టీచరుగారూ, ఇది కంప్యూటరా, కుంపటా?”

పాడేరులో ఆ రోజు సంత. బయట వాన దంచుతోంది. బజార్లో కొత్తగా కంప్యూటర్ షాపు పెట్టిన చోడవరం కుర్రాడు సూరిబాబు, సిపియు మూత విప్పగానే లోపలి మసంతా అతని చొక్కా మీద పడింది. ఎదురుగా నిలబడ్డ కనక మూతి ముడిచింది. కొండ మీద ఊళ్లో చిన్న బడికి ఆమె పంతులమ్మ. ఆ బడికి ఎవరో పుణ్యాత్ములు ఇచ్చిన కంప్యూటర్ అది.

“సెమ్మ తగిల్తే పాడైపోద్దని పొయ్యి మీద అటకెక్కించాం. మా విత్తనాలన్నీ అక్కడే ఉంటాయి. పొగ తగిల్తే పురుగు పట్టదు. ఎప్పుడన్నా ఒక్క గింజ పాడైందేటి?”

సూరిబాబు పడీపడీ నవ్వాడు. కనక కళ్లల్లో నీళ్లు తిరిగేసరికి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

“ఇది ఇంక లేవదండీ. కొత్తది తీసుకోండి.”

“డబ్బా పోతే పోనీ. లోపల దించుకున్న పాత మెయిల్స్ ఉన్నాయి, నెట్‌లో ఇప్పుడు నేవు. అవి కావాల నాకు.”

“ఎవరివి?”

“డేనియల్ గారివి.”

ఎందుకో సూరిబాబుకి ఆ పేరు నచ్చలేదు. అయినా హార్డ్ డిస్క్ ఊడదీసి, తుడిచి, తన కంప్యూటర్‌కి తగిలించాడు. అది ఓ పట్టాన లొంగలేదు. ఒక్కో ఫైలునీ బతిమాలి బయటికి లాగాల్సి వచ్చింది. కనక ప్రతి సంతకీ జీపెక్కి వచ్చేది.

“ఇంకా అవ్వనేదా? పని సేత్తన్నావా, నిద్దరోతన్నావా?”

“మీ పొయ్యినడగండి!”

ఇలా పోట్లాడుకుంటూనే టీలు తాగేవారు. సంతరోజున సూరిబాబు పొద్దున్నే గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. కనక అంటే ఇష్టమని తనకి తెలిసిపోయింది. మధ్యలో ఆ డేనియల్ ఒకడు!

చివరికి ఓ సంతరోజు ఇన్‌బాక్స్ తెరుచుకుంది. పై నుంచి కింద దాకా డేనియలే.  సూరిబాబు లేచి కుర్చీ ఇచ్చాడు.

“చదువుకోండి. నేను బయటుంటాను.”

“సదవడానికేటుంది? విను.”

ఆమె ఒక అటాచ్‌మెంట్ నొక్కింది. స్పీకర్లలోంచి ఓ ముసలి గొంతు కొండ భాషలో పాట అందుకుంది. కనక రెండు చేతుల్తో ముఖం కప్పుకుని ఏడ్చేసింది.

“మా మామ్మ ముత్యాలమ్మ. పోయి ఏడాది దాటింది. పాటల మీద పుస్తకం రాత్తానని ఆ డేనియల్, పెద్దాయన, వచ్చి రికార్డు సేసి పంపినాడు. ఆయన జాడా ఇప్పుడు తెల్దు. ఇంకెక్కడా మామ్మ గొంతు నేదు.”

సూరిబాబుకి సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువగా జాలేసింది.

“ఏం పాట అది?”

“పిల్లనడగడానికొచ్చినప్పుడు పాడేది. గుంటడి తరపోళ్లు కల్లుకుండ తెచ్చి వాకిట్లో పెడతారు. ఇంట్లో ముసల్ది ఈ పాట పాడితేనే కుండ లోపలికెళ్తాది, అంటే పిల్లనిత్తామని ఒప్పుకున్నట్టు. మామ్మ పోయినాక నా కుండకి ఎవరు పాడతారని బెంగెట్టుకున్నాను.”

 ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేననిపించింది సూరిబాబుకి.

“టీచరుగారూ... ఆ కుండ నేను తేవచ్చా? మా అమ్మని కూడా తీసుకొస్తాను.”

కనక కళ్లు తుడుచుకుంది. మౌస్ పట్టుకుని, పాటని మళ్లీ మొదటి నుంచి పెట్టింది. అది పూర్తయ్యేదాకా అతన్ని నోరెత్తనివ్వలేదు. గొంతు ఆగాక తలెత్తి అతని కళ్లలోకి చూసింది.

“మామ్మ పాడేసింది. ఇంక నువ్వు బేగి రా!”